లుకుల్లస్: విందుల కింద పూడిపోయిన మనిషి

నమస్కారం అండీ. ఈరోజు ఒక భోజనం కథతో మొదలుపెడతాను.

రోమ్ నగరం. ఇప్పటికి రెండు వేల ఏళ్ల పైమాట. ఒక పెద్దాయన ఆ రాత్రి ఇంట్లో ఒక్కడే భోంచేయాలి. అతిథులెవరూ లేరు కదా అని వంటవాళ్లు ఏదో సాదాగా చేసి పెట్టారు. ఆయనకు కోపం వచ్చింది. వంటింటి పెత్తనం చూసే మనిషిని పిలిపించాడు. ఎవరినీ పిలవలేదు కదా అని పెద్దగా చేయించలేదండీ అన్నాడతను. అప్పుడు ఆయన అన్నమాట ఇది: "ఈ రాత్రి లుకుల్లస్ ఇంట్లో లుకుల్లస్ భోంచేస్తున్నాడని నీకు తెలియదా?"

ఆయన పూర్తి పేరు లూసియస్ లిసినియస్ లుకుల్లస్. ఈ కథ చెప్పింది ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత, లుకుల్లస్ పోయాక నూటయాభై ఏళ్లకు పైగా గడిచిన తర్వాత. ఆ ఒక్క మాట ఎంతగా నాటుకుపోయిందంటే, ఇవాళ్టికీ ఇంగ్లిష్ నిఘంటువు తీస్తే అట్టహాసమైన విందుకు "లుకల్లన్" అనే విశేషణం కనబడుతుంది. ఒక మనిషి పేరు తిండికి విశేషణం అయిపోయింది.

నాకు బాధ కలిగించేది అక్కడే. ఈయన అంతకు కొన్నేళ్ల ముందు ఒక పని చేశాడు. అప్పుల్లో మునిగి కన్నబిడ్డల్ని అమ్ముకుంటున్న ఊళ్లను నాలుగేళ్ల లోపు గట్టెక్కించాడు. ఆ పని వల్లే రోమ్‌లో ఆయన పతనం మొదలైంది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఈ వీడియో ఆ పని గురించి.

ముందు ఇంటి సంగతి కొంచెం. లుకుల్లస్ పుట్టింది సుమారు క్రీస్తుపూర్వం 118లో. మంచి పేరున్న వంశం. కానీ తండ్రి సిసిలీలో బానిసల తిరుగుబాటు అణచడానికి వెళ్లి, పదవిలో అవినీతి చేశాడని శిక్షపడి, దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ కేసు వేసినవాడి పేరు సర్విలియస్. లుకుల్లస్, తమ్ముడు మార్కస్ పెద్దవాళ్లయ్యాక చేసిన మొదటి పని, ఆ సర్విలియస్ మీద తిరిగి కేసు వేయడం. కేసు గెలవలేదు. వీధుల్లో కొట్లాటలు జరిగాయి, మనుషులు కూడా చనిపోయారు. అయినా తండ్రి పరువు కోసం నిలబడ్డ కొడుకులని జనం మెచ్చుకున్నారు.

ఈ అన్నదమ్ములిద్దరినీ గుర్తుపెట్టుకోండి. లుకుల్లస్‌కు తమ్ముడంటే ప్రాణం. రోమ్‌లో పదవులు మెట్లు మెట్లుగా ఎక్కాలి, ప్రతి మెట్టుకూ ఒక వయసు ఉంటుంది. అన్నకు ఆ వయసు ముందే వచ్చింది. కానీ తమ్ముడికి కూడా అర్హత వచ్చేదాకా ఆగాడు. క్రీస్తుపూర్వం 79లో ఇద్దరూ కలిసి ఒకే ఏడాది ఈడైల్ పదవిలోకి, అంటే నగర నిర్వహణ చూసే పదవిలోకి వచ్చారు. పదవుల కోసం సొంతవాళ్లనే తొక్కేసుకునే కాలంలో, ఒక అన్న ఏళ్ల తరబడి ఆగాడు.

ఇక ఆయన్ని పైకి తెచ్చింది సుల్లా అనే రోమన్ సేనాని. క్రీస్తుపూర్వం 88లో సుల్లా తన సైన్యంతో సొంత నగరం రోమ్ మీదికే నడిచాడు. అప్పటివరకు ఏ రోమన్ సేనాని చేయని పని అది. కింది అధికారులందరూ ఆయన్ని వదిలేసి వెళ్లిపోయారు, ఒక్క క్వెస్టర్, అంటే ఖజానా లెక్కలు చూసే అధికారి తప్ప. ఆ ఒక్కడు లుకుల్లసే అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇది గొప్ప పని అని నేను అనను. సొంత ఊరి మీదికి సైన్యాన్ని నడిపించినవాడి వెంట నిలబడ్డాడు. కానీ నమ్మినవాణ్ణి వదలని గుణం మాత్రం అందులో కనిపిస్తుంది. సుల్లా కూడా మరిచిపోలేదు. తన ఆత్మకథను లుకుల్లస్‌కు అంకితమిచ్చాడు. చనిపోతూ తన కొడుకుకు సంరక్షకుడిగా లుకుల్లస్‌నే పెట్టాడు. యువసేనాని పాంపేను పక్కనపెట్టాడు. పాంపేకు అది మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ ముల్లు ముందుముందు మనకు తగులుతుంది.

మధ్యలో ఒక చిన్న సంఘటన చెప్పాలి. సుల్లా గ్రీసులో యుద్ధం చేస్తూ, ఓడలు కూడగట్టుకు రమ్మని లుకుల్లస్‌ను ఈజిప్టుకు పంపాడు. అక్కడి రాజు టాలెమీ మామూలుగా అతిథులకు ఇచ్చేదానికి నాలుగు రెట్లు మర్యాద చేశాడు. 80 టాలెంట్ల, అంటే సుమారు రెండు టన్నుల వెండి విలువైన కానుకలు పంపాడు. లుకుల్లస్ తీసుకోలేదు. మెంఫిస్ వెళ్లి అక్కడి వింతలు చూసి రమ్మంటే, తీరిక ఉన్న యాత్రికుడికి అవి బాగుంటాయి, నా సేనాని శత్రువు గోడల పక్కన గుడారంలో ఉన్నాడు, నేనెలా తిరుగుతాను అన్నాడట. విందుల లుకుల్లస్ అని నవ్వేవాళ్లకు ఈ లుకుల్లస్ ఎవరో తెలియదు.

సరే, అసలు కథలోకి వద్దాం. ఇప్పటి టర్కీ దేశం, నల్లసముద్రం దక్షిణ తీరం. అక్కడ పాంటస్ అనే రాజ్యం. రాజు మిథ్రిడేటిస్. రోమ్‌కు అంతకాలం కంటిమీద కునుకు లేకుండా చేసిన రాజులు చాలా తక్కువ. క్రీస్తుపూర్వం 88లో ఆసియా ప్రాంతంలో ఉన్న రోమన్లనూ ఇటలీ వాళ్లనూ ఒకేసారి చంపించాడు. చనిపోయినవాళ్లు 80,000 అని ఒక పాత లెక్క. ఇక్కడ ఆసియా అంటే ఇప్పటి టర్కీ పడమటి భాగం. అది అప్పుడు రోమ్ ఏలుబడిలో ఉన్న ప్రాంతం.

క్రీస్తుపూర్వం 74లో లుకుల్లస్ కాన్సుల్ అయ్యాడు, రోమ్‌లో అన్నిటికంటే పెద్ద పదవి అది. మిథ్రిడేటిస్‌తో మళ్లీ యుద్ధం వచ్చింది. ఆ యుద్ధ బాధ్యత దక్కించుకోవడానికి ఈయన చేసిన లాబీయింగ్ అంత గౌరవంగా ఏమీ లేదు. సెతేగస్ అనే నాయకుడి చేతిలో అప్పుడు రోమ్ రాజకీయం ఉంది. అతను ప్రీసియా అనే ఆవిడ మాట జవదాటడు. లుకుల్లస్ ఆవిడను కానుకలతో, పొగడ్తలతో మంచి చేసుకున్నాడు. పని అయింది.

యుద్ధంలో మాత్రం ఆయన బుర్ర చూడాలి. మర్మరా సముద్రం ఒడ్డున సిజికస్ అనే నగరాన్ని మిథ్రిడేటిస్ మహాసైన్యంతో చుట్టుముట్టాడు. లుకుల్లస్ దగ్గర ఉన్నది 30,000 కాలిబలం, 2,500 గుర్రాలు. ఎదురుపడితే నలిగిపోతారు. ఆయన ఏం చేశాడంటే, పట్టుబడ్డ శత్రుసైనికులను ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచాడు. నీ గుడారంలో ఎంతమంది ఉంటారు? నువ్వు వచ్చేటప్పటికి గుడారంలో గింజలు ఎన్ని మిగిలాయి? ఈ రెండే ప్రశ్నలు. అందరి జవాబులూ కలిపి లెక్క వేస్తే తేలింది, అంత పెద్ద సైన్యానికి మూడు నాలుగు రోజుల తిండి కంటే ఎక్కువ లేదని. ఇక కత్తి దూయాల్సిన పని లేదు. దారులు మూసేసి, తన శిబిరంలో ధాన్యం నింపుకుని కూర్చున్నాడు. చలికాలం వచ్చింది, ఆకలి వచ్చింది, రోగాలు వచ్చాయి. మిథ్రిడేటిస్ సముద్రం మీదుగా పారిపోయాడు.

అదే యుద్ధంలో ఇంకో విచిత్రం. రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడి, ఇక ఢీకొట్టబోతుంటే, ఆకాశం చీలినట్టయి, పెద్ద కాగు అంత ఉన్న మండే ముద్ద ఒకటి సరిగ్గా మధ్యలో పడింది. రంగు కరిగిన వెండిలా ఉందట. ఇరుపక్షాలూ భయపడి వెనక్కి తగ్గాయి. బహుశా ఉల్క అయి ఉంటుంది.

తర్వాత రెండేళ్లలో పాంటస్ దాదాపు మొత్తం ఆయన చేతికొచ్చింది. ఈ భాగం నేను దాచను. దోపిడీ విపరీతంగా జరిగింది. రోమన్ శిబిరంలో ఎద్దు ఒక ద్రాక్మాకి (ద్రాక్మా అంటే అప్పటి చిన్న వెండి నాణెం), మనిషి నాలుగు ద్రాక్మాలకి అమ్ముడుపోయారని ప్లూటార్కే రాశాడు. ఆ మనుషులను పట్టి తెచ్చింది లుకుల్లస్ సైన్యమే. అమిసస్ అనే అందమైన గ్రీకు నగరం పడినప్పుడు దానికి నిప్పంటుకుంది. ఆర్పమని లుకుల్లస్ ఎంత మొత్తుకున్నా సైనికులు వినలేదు, దోచుకునే పనిలో ఉన్నారు. మర్నాడు ఊళ్లోకి వెళ్లి, కాలిపోయిన ఇళ్లు చూసి ఏడ్చాడట. సొంత డబ్బుతో చాలా ఇళ్లు మళ్లీ కట్టించాడు, పారిపోయినవాళ్లను వెనక్కి పిలిచాడు. నాలుగు ద్రాక్మాల మనిషి సంగతీ, ఈ కన్నీళ్లూ, రెండూ ఒకే మనిషివి. నాకు రెంటినీ కలిపే చెప్పాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆ అప్పుల సంగతి. కొంచెం నిదానంగా వినండి.

మిథ్రిడేటిస్‌తో మొదటి యుద్ధం, అంటే ఇందాక గ్రీసులో అని చెప్పిన యుద్ధం ముగిశాక సుల్లా ఆసియా నగరాల మీద 20,000 టాలెంట్ల జరిమానా వేశాడు. ఒక టాలెంట్ అంటే సుమారు 26 కిలోల వెండి. అంటే 500 టన్నులకు పైగా వెండి. ఊళ్ల దగ్గర అంత ఎక్కడిది? రోమన్ వడ్డీ వ్యాపారుల దగ్గర, పన్నుల ఇజారాదారుల దగ్గర అప్పు చేశారు. ఇజారాదారులు ఎవరంటే, పన్ను వసూలు హక్కును రోమ్ ప్రభుత్వం దగ్గర పాటలో పాడుకున్న కంపెనీల వాళ్లు. ఊళ్లు కట్టడం మొదలుపెట్టాయి. కట్టాయి, కట్టాయి. అసలుకు రెట్టింపు, 40,000 టాలెంట్లు కట్టేశాయి. అయినా చక్రవడ్డీ పెరిగి పెరిగి, బాకీ 1,20,000 టాలెంట్లకు చేరింది. సుమారు పధ్నాలుగేళ్లలో.

జనం ఏం చేశారు? గుళ్లలో ఉన్న కానుకలు అమ్మారు. బొమ్మలు, విగ్రహాలు అమ్మారు. ఆ తర్వాత కొడుకుల్ని, పెళ్లికాని కూతుళ్లను అమ్మారు. చివరికి తమను తాము బానిసలుగా అప్పులవాళ్లకు అప్పగించుకున్నారు. దానికి ముందు అనుభవించింది ఇంకా ఘోరం అంటాడు ప్లూటార్క్. తాళ్లతో కట్టడం, ఎండాకాలంలో మండుటెండలో నిలబెట్టడం, చలికాలంలో బురదలో, మంచులో తొక్కించడం. దీని ముందు బానిసతనమే హాయి అనిపించిందట. అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చుంటే గుండె ఎలా దడదడలాడుతుందో తెలిసిన వాళ్లకు ఈ మాటలు చదువుతుంటే కాలం తేడా తెలియదు.

లుకుల్లస్ సేనాని. ఆయన పని యుద్ధం. కళ్లు మూసుకుని పోవచ్చు. పోలేదు. యుద్ధం ఆపి మరీ ఈ లెక్కల్లో కూర్చున్నాడు.

మొదట వడ్డీ రేటు. నెలకు నూటికి ఒకటి, అంతకు మించి కుదరదు. మన భాషలో చెప్పాలంటే రూపాయి వడ్డీ. తర్వాత, అసలు కంటే ఎక్కువగా పేరుకుపోయిన వడ్డీ ఏదైనా సరే, కొట్టివేత. మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాడి ఆదాయంలో నాలుగో వంతు వరకే తీసుకోవాలి. మిగతా మూడు వంతులూ వాడి బతుక్కి వాడికే. ఇక వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ వేసినవాడికి శిక్ష ఏమిటంటే, మొత్తం బాకీయే పోతుంది. పైసా రాదు.

ఎంత ఆలోచించి చేశాడో చూడండి. అప్పులన్నీ రద్దు అని ఒక్కమాటలో ప్రకటించి చప్పట్లు కొట్టించుకోలేదు. అప్పిచ్చినవాడికి న్యాయంగా రావాల్సింది వస్తుంది. అప్పు తీసుకున్నవాడు బతికుండి, పని చేసుకుంటూ తీరుస్తాడు. నాలుగేళ్లు నిండకముందే బాకీలన్నీ తీరిపోయాయి. తాకట్టులో ఉన్న పొలాలు ఇళ్లు యజమానులకు తిరిగొచ్చాయి. ఆసియా నగరాలు ఆయన పేరు మీద "లుకుల్లియా" అని ఉత్సవాలు చేశాయి.

మరి రోమ్‌లో? ఆ వడ్డీ వ్యాపారులు మామూలు మనుషులు కాదు. రాజకీయ నాయకుల్లో చాలామంది వీళ్లకే బాకీ. మాకు అన్యాయం జరిగిందని గగ్గోలు పెట్టారు. డబ్బిచ్చి నాయకులను లుకుల్లస్ మీదికి ఉసిగొల్పారు. యుద్ధాన్ని కావాలని సాగదీస్తున్నాడు, పదవి మీద ఆశతో, సంపాదన కోసం అని ప్రచారం మొదలైంది. గెలుస్తున్న సేనానిని గెలుస్తుండగానే దించేయడానికి పునాది అక్కడ పడింది.

ఆయన మాత్రం ముందుకే పోతున్నాడు. మిథ్రిడేటిస్ పారిపోయి అల్లుడు టిగ్రానిస్ దగ్గర తలదాచుకున్నాడు. ఈ టిగ్రానిస్ ఆర్మేనియా చక్రవర్తి. లుకుల్లస్ వస్తున్నాడని మొదట కబురు చెప్పినవాడి తల తీయించాడు. ఆ తర్వాత ఏ కబురూ ఎవరూ చెప్పలేదు. శత్రువు దగ్గరికి వచ్చేదాకా పొగడ్తలే వింటూ కూర్చున్నాడు. తీరా రోమన్ సైన్యాన్ని చూసి అన్నాడట: "రాయబారులైతే మరీ ఎక్కువమంది, సైన్యమైతే మరీ తక్కువమంది." క్రీస్తుపూర్వం 69, అక్టోబర్ 6. రోమన్లకు ఆ తేదీ అపశకునం, ఒకప్పుడు అదే రోజు ఘోరంగా ఓడిపోయారు. ఈరోజు వద్దండీ అని అధికారులన్నారు. ఈ రోజును కూడా రోమన్లకు మంచిరోజుగా మార్చేస్తాను అని నది దాటాడు. టిగ్రానోసెర్టా దగ్గర పది వేల చిల్లర మందితో, తనకు ఎన్నో రెట్లున్న సైన్యాన్ని చెల్లాచెదురు చేశాడు. రోమన్ల వైపు చనిపోయింది ఐదుగురే అన్న పాత లెక్క నేను నమ్మను గానీ, గెలుపు మాత్రం నిజం.

ఇంత గెలిచినవాడు ఎలా పడిపోయాడు?

వడ్డీ వ్యాపారులది ఒక భాగం. రెండో భాగం ఆయన సొంత తప్పు. మనిషి లెక్కలు తెలిసినవాడే గానీ, సైనికుల మనసు తెలియదు. వాళ్లలో కొందరు పద్దెనిమిదేళ్లుగా ఇంటి ముఖం చూడలేదు. చలికాలంలో కూడా గుడారాల్లోనే ఉంచేవాడు. గ్రీకు ఊళ్లలో దించితే జనాన్ని పీడిస్తారని ఆయన భయం, అది న్యాయమైన భయమే. కానీ ఆ మాట వాళ్లకు ఆప్యాయంగా చెప్పలేకపోయాడు. ఈయన ఒంటెల మీద బంగారం తోలుకుపోతున్నాడు, మనకేం మిగిలింది అన్న మాట శిబిరంలో పుట్టింది. రాజేసినవాడు బయటివాడు కాదు, సొంత బావమరిది క్లోడియస్.

క్రీస్తుపూర్వం 68లో ఆర్మేనియా కొండల్లో మంచు మొదలవగానే సైనికులు ఇక ముందుకు నడవం అని మొండికేశారు. మరుసటి ఏడాది జేలా దగ్గర ఆయన కింది సేనాని ట్రయారియస్ తొందరపడి మిథ్రిడేటిస్ చేతిలో ఓడిపోయాడు. 7,000 మంది రోమన్లు పోయారు. ఆ తర్వాత దృశ్యం తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. లుకుల్లస్ గుడారం గుడారానికీ వెళ్లి, కళ్లనీళ్లతో, కొందరి చేతులు పట్టుకుని బతిమాలాడు. వాళ్లు చేతులు విడిపించుకున్నారు. ఖాళీ డబ్బుసంచులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పడేసి, శత్రువులతో నువ్వొక్కడివే పోరాడుకో, వాళ్ల దగ్గర డబ్బు సంపాదించడం నీ ఒక్కడికే తెలుసు కదా అన్నారు.

క్రీస్తుపూర్వం 66లో యుద్ధ బాధ్యత పాంపేకి ఇస్తూ రోమ్‌లో చట్టం చేశారు. దాన్ని సమర్థిస్తూ పేరున్న వక్త, రాజకీయ నాయకుడు సిసిరో ప్రసంగించాడు, లుకుల్లస్‌ను పొగుడుతూనే. ఇద్దరు సేనానులూ గలేషియా ప్రాంతంలో కలుసుకున్నారు. గెలిచిన సేనాని భటులు పట్టుకునే కట్టెలకు లారెల్ ఆకులు చుడతారు. పాంపే భటులు చాలా దూరం ఎండలో నడిచి రావడంతో వాళ్ల ఆకులు వాడిపోయాయి. లుకుల్లస్ భటులు అది చూసి, తమ పచ్చి ఆకుల్లో కొన్ని ఇచ్చారు. మాటలు మర్యాదగానే మొదలై తిట్లతో ముగిశాయి. ఎవరో చంపిన శవం మీద వాలే గద్దవు నువ్వు అని పాంపేను లుకుల్లస్ అన్నాడట. పాంపే ఆయనకు వదిలింది 1,600 మంది సైనికులను.

ఇంటికొస్తే విజయోత్సవానికి కూడా అడ్డుపడ్డారు. మూడేళ్లు ఆగాల్సి వచ్చింది. క్రీస్తుపూర్వం 63లో, సిసిరో కాన్సుల్‌గా ఉన్న ఏడాది, చివరికి జరిగింది. తర్వాత కొన్నాళ్లు రాజకీయాల్లో తిరిగాడు గానీ మనసు విరిగిపోయింది. 59లో సీజర్‌ను ఎదిరిస్తే, సీజర్ బెదిరింపుకు భయపడి కాళ్ల మీద పడ్డాడని ఒక కథనం. నాకు ఆ వాక్యం చదవడం కష్టంగా ఉంటుంది.

విందులు ఇక్కడ మొదలవుతాయి. రోమ్‌లో పింషియన్ కొండ మీద తోటలు, నేపుల్స్ తీరాన భవనాలు. చేపల చెరువుల్లోకి సముద్రపు నీళ్లు తేవడానికి కొండనే తొలిపించాడు. ప్రతి భోజనశాలకూ ఒక పేరు, ఆ పేరును బట్టి ఖర్చు. సిసిరో, పాంపే ఒకసారి ఆయన్ని పరీక్షించాలని, ఇవాళ మీరు తినేదే మాకు పెట్టండి, ఇంటికి కబురు పంపకూడదు అన్నారు. సరే, ఈరోజు అపోలోలో తింటాను అని మాత్రం చెప్తాను అన్నాడు. అపోలో గదిలో వడ్డిస్తే ఖర్చు 50,000 ద్రాక్మాలు. వంటవాళ్లకు ఆ ఒక్క పేరు చాలు. అప్పటి రోమన్ సైనికుడి ఏడాది జీతం సుమారు 120. నాలుగు వందల మంది సైనికుల ఏడాది జీతం ఒక్క రాత్రి వడ్డించారు. ఆ ఖాళీ సంచులు విసిరినవాళ్ల కోపంలో నిజం ఎంతో ఈ లెక్కలో నాకు కనబడుతుంది.

అదే డబ్బుతో ఇంకోటి కూడా చేశాడు. పెద్ద గ్రంథాలయం కట్టి, తలుపులు అందరికీ తెరిచాడు. ముఖ్యంగా గ్రీకు పండితులు సొంత ఇంటికి వచ్చినట్టు వచ్చి, చదువుకుని, చర్చించుకుని వెళ్లేవారు. సిసిరో తన తాత్విక సంభాషణల్లో ఒకదాన్ని రోమ్ దగ్గరి టస్క్యులంలో ఉన్న లుకుల్లస్ ఇంటి గ్రంథాలయంలోనే జరిగినట్టు రాశాడు.

చెర్రీ పండు గురించి కూడా చెప్పాలి. నల్లసముద్రం ఒడ్డున సెరాసస్ అనే ఊరి నుంచి చెర్రీని ఇటలీకి తెచ్చింది లుకుల్లస్ అని ప్లినీ అనే రోమన్ రచయిత రాశాడు. 120 ఏళ్లలో అది బ్రిటన్ దాకా పోయిందట. అడవి చెర్రీ యూరప్‌లో అంతకుముందే ఉంది కాబట్టి, ఈయన తెచ్చింది మంచి సాగు రకం అయి ఉండాలి. ఆ ఊరు ఇప్పటి టర్కీలో గిరెసున్.

చివరి రోజుల్లో ఆయనకు మతి తప్పింది. కలిస్తెనీస్ అనే విముక్త బానిస, యజమాని తనను ఇంకా ఎక్కువగా ప్రేమించాలని ఏదో మందు పెట్టాడని, అది వికటించిందని ఒక మాట ఉంది. మందో, వయసో. ఆస్తిపాస్తులన్నీ తమ్ముడు మార్కస్ చూసుకున్నాడు, అన్నను కూడా.

క్రీస్తుపూర్వం 56 ప్రాంతంలో లుకుల్లస్ చనిపోయాడు. పదేళ్ల ముందు పట్టించుకోని జనం పరిగెత్తుకుంటూ వచ్చారు. పెద్ద కుటుంబాల యువకులు శవాన్ని రోమ్ నడిబొడ్డున ఉన్న ఫోరమ్ అనే బహిరంగ కూడలికి మోసుకొచ్చారు. సుల్లాను పెట్టిన మార్స్ మైదానంలోనే ఈయన్నీ పెట్టాలని జనం పట్టుబట్టారు. ఎవరూ అనుకోని కోరిక, ఏర్పాట్లు కూడా లేవు. టస్క్యులంలో అన్నీ సిద్ధం చేశాం, అక్కడికి తీసుకెళ్లనివ్వండి అని మార్కస్ అందరినీ వేడుకుని ఒప్పించాడు. ఆ తర్వాత ఆ తమ్ముడు కూడా ఎక్కువ కాలం బతకలేదు.